ఫొటోలో పడని వంటగది

శంషాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కే గోదావరి జిల్లాల వాళ్లలో ఒకే విజిట్ వీసా మీద రెండు రకాల మనుషులు ఉంటారు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ల ప్యాకేజీ కొనుక్కుని పిల్లాపాపలతో బుర్జ్ ఖలీఫా చూడ్డానికి బయలుదేరినవాళ్లు కొందరు. ఏజెంట్ మాట నమ్మి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి పల్లెల నుంచి ఇంటిపనికి పోతున్న ఆడవాళ్లు ఇంకొందరు. అధికారి అడిగితే చుట్టాలింటికి వెళ్తున్నానని చెప్పమని వీళ్లకు ముందే నేర్పి పంపుతారు.

చట్టప్రకారం ఇది జరగకూడదు. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి దాటనివాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే ఆమె వెళ్లాలి. ఈ నియమాలేవీ ఊరు చూడ్డానికి పోయేవాళ్లకు వర్తించవు. అందుకే ఏజెంట్ ఆమెను కాగితం మీద పర్యాటకురాలిని చేస్తాడు. అక్కడ దిగాక వీసా మారుస్తారు, లేదా పక్క దేశానికి దాటిస్తారు. ఆమె పనికి వెళ్లిన సంగతి మన ప్రభుత్వ లెక్కల్లోకి రాదు. ఏదైనా కష్టం వచ్చి ఇంటివాళ్లు కలెక్టరేట్‌కు అర్జీ పట్టుకొస్తే మొదటి ప్రశ్న ఆమె అసలు ఎలా వెళ్లిందన్నదే అవుతుంది.

కోట్లమంది వచ్చిపోయే ఆ పర్యాటక ద్వారం లేకపోతే ఈ దొంగదారి ఇంత సులువు కాదు. నిరంకుశ పాలనలో ఉన్న దేశానికి యాత్రికుడు కేవలం డబ్బు తేడు. అక్కడ అంతా బాగానే ఉందని తన కెమెరాతో సాక్ష్యం కూడా ఇచ్చి వస్తాడు. పాలకుడికి డబ్బుకన్నా ఆ సాక్ష్యమే విలువైనది. దాన్ని ప్రశ్నించగలిగింది, నాకు తెలిసినంతలో, ఎక్కువసార్లు కళే. గల్ఫ్ లోపలి గదులు తెలిసిన కోనసీమ నుంచి అలాంటి కళ ఎందుకు తగినంత రాలేదన్నది ఈ వ్యాసం అడగదలచిన ప్రశ్న.

ముందు స్పెయిన్ సంగతి చెప్పాలి. అంత స్పష్టమైన ఉదాహరణ ఇంకోటి లేదు. అంతర్యుద్ధంలో గెలిచి 1939లో గద్దెనెక్కిన జనరల్ ఫ్రాంకో 1975లో చనిపోయేదాకా దిగలేదు. 1960లో ఆ దేశానికి సుమారు 60 లక్షలమంది విదేశీ యాత్రికులు వస్తే, 1973 నాటికి ఆ సంఖ్య 3.4 కోట్లు దాటింది. ఎండ, ఇసుక, చవక హోటళ్లు, 'స్పెయిన్ ఈజ్ డిఫరెంట్' అన్న ప్రచార నినాదం. ఈ ప్రచారం నడిపిన మంత్రిత్వ శాఖ పేరు సమాచార, పర్యాటక శాఖ. పత్రికలకు, పుస్తకాలకు, సినిమాలకు కత్తెర వేసేదీ అదే శాఖ. 1962 నుంచి 1969 వరకు దానికి మంత్రి మాన్యువల్ ఫ్రాగా. విదేశీయుడికి దేశాన్ని చూపించే పని, స్వదేశీయుడికి దేశాన్ని కనపడకుండా చేసే పని ఒకే కార్యాలయంలో, ఒకే మంత్రి సంతకంతో సాగాయి.

ఆ శాఖ కళ్లముందే లూయిస్ గార్సియా బెర్లాంగా అనే దర్శకుడు 1963లో 'ఎల్ వెర్దూగో' అనే సినిమా తీశాడు. పేరుకు అర్థం తలారి. శవపేటికలు మోసే ఉద్యోగి ఒకడు, రిటైరు కాబోతున్న తలారి కూతుర్ని పెళ్లి చేసుకుంటాడు. ప్రభుత్వం ఇచ్చే ఫ్లాటు కుటుంబానికి దక్కాలంటే మామగారి ఉద్యోగం అల్లుడు తీసుకోవాలి. మరణశిక్షలు ఎప్పుడో గానీ పడవులే, నీదాకా రాదులే అని మామ ధైర్యం చెబుతాడు. కానీ పిలుపు వస్తుంది, అదీ యాత్రికులతో కిటకిటలాడే మయోర్కా ద్వీపం నుంచి. సర్కారు ఖర్చుతో సముద్రం చూడొచ్చని కుటుంబమంతా వెంట బయలుదేరుతుంది. భూగర్భంలో సరస్సు ఉన్న ప్రసిద్ధ గుహల్లో, పడవల మీద సంగీత కచేరీ వింటున్న విదేశీయుల మధ్య అతను భార్యతో కూర్చుని ఉండగా, పోలీసులు పడవ మీద వచ్చి మెగాఫోనులో అతని పేరు పిలుస్తారు.

ఆ దృశ్యం చూసినవాళ్లు మర్చిపోరు. కచేరీ, దీపాలు, నీళ్లు, నీళ్లమీద పోలీసు టోపీలు, అన్నీ ఒకే చట్రంలో ఉంటాయి. చివర్లో ఖైదీ కాదు, తలారే కాళ్లు తేలిపోయి పడిపోతాడు. అతన్ని ఈడ్చుకుంటూ ఖైదీ వెనకే ఖాళీ గదిలోంచి అటు తలుపువైపు తీసుకుపోతారు. ఆ తర్వాత రేవులో ఓ విలాస నౌక, దానిమీద నాట్యం చేస్తున్న యువతీయువకులు. వాళ్లు చెడ్డవాళ్లని బెర్లాంగా అనడు. వాళ్లకు తెలియదు, అంతే. ఆ తెలియకపోవడం మీద నడిచే వ్యాపారాన్ని మాత్రం వదిలిపెట్టడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కమ్యూనిస్టు నాయకుడు హులియాన్ గ్రిమావును కాల్చి చంపారు, ఆగస్టులో ఇద్దరు అనార్కిస్టులను గొంతు నులిమే గరోట యంత్రంతో చంపారు. యాత్రల జోరులోనే ఇదంతా జరిగింది. ఆ సినిమా వెనిస్ ఉత్సవానికి వెళ్తే ఇటలీలోని స్పెయిన్ రాయబారి మండిపడ్డాడు. ఒక్క చలనచిత్రం పోస్టర్‌లోకి తలారిని తెచ్చి నిలబెట్టేసరికి, కోట్లు పోసి నడిపిన ప్రచారానికి ఊపిరాడలేదు.

స్పెయిన్ నుంచి గల్ఫ్‌కు రావడం దూరపు పోలిక అనుకునేవాళ్లుంటారు. తేడాలున్నాయి. గల్ఫ్ రాజ్యాలు సైనిక నియంతృత్వాలు కావు, వంశపారంపర్య రాజరికాలు. సొంత పౌరులకు చదువు, వైద్యం, ఇల్లు చూసుకుంటాయి. కానీ ఎమిరేట్స్‌లోనూ సౌదీలోనూ రాజకీయ పార్టీలు లేవు, కార్మిక సంఘాలు లేవు, పాలకుణ్ని విమర్శిస్తే అది నేరం. పార్లమెంటు చరిత్ర ఉన్న కువైట్‌లో సైతం 2024 మే నెలలో అమీర్ సభను రద్దు చేసి నాలుగేళ్ల దాకా ఎన్నికల మాట లేకుండా చేశారు. ప్రజ అడగలేని చోట పాలనను ఏమని పిలవాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

అక్కడికి వెళ్తున్న జనాన్ని చూడండి. దుబాయ్‌లో ఒక రాత్రయినా బస చేసిన విదేశీ యాత్రికులు 2023లో 1.71 కోట్లు, 2024లో 1.87 కోట్లు. వాళ్లలో భారతీయుల వాటా ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. అప్పటిదాకా ప్రధానంగా తీర్థయాత్రికులకు, పనివాళ్లకు తలుపు తీసిన సౌదీ 2019 సెప్టెంబరు నుంచి వినోద యాత్రికులకూ వీసాలిస్తోంది. అదే సౌదీలో 2024లో కనీసం 345 మందికి మరణశిక్ష అమలు చేశారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క. కచేరీలు, మోటారు పందేలు, ఎడారిలో శిల్ప ప్రదర్శనలు ఒకవైపు సాగుతుంటే మరోవైపు తలారి పని ఆగలేదు. అల్-ఉలా ఎడారిలో కళా ప్రదర్శనకు 'డెజర్ట్ ఎక్స్' సంస్థ 2019లో ఒప్పుకున్నప్పుడు, ప్రసిద్ధ చిత్రకారుడు ఎడ్ రూషే సహా ముగ్గురు దాని బోర్డు నుంచి తప్పుకున్నారు. ప్రదర్శన మాత్రం 2020లో జరిగింది, యాత్రికులూ వచ్చారు.

కళ ఎటువైపు నిలబడాలన్న తగువు అన్నిటికన్నా గట్టిగా జరిగింది అబూధాబీలో. సాదియాత్ ద్వీపంలో లూవ్ర్ మ్యూజియం 2017 నవంబర్‌లో తెరుచుకుంది. వాస్తుశిల్పి జాఁ నువెల్ దానిపైన 180 మీటర్ల వ్యాసంతో ఓ గుమ్మటం పెట్టాడు. తాటాకుల సందుల్లోంచి జారినట్టు దాని చిల్లుల్లోంచి ఎండ నేలమీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. లూవ్ర్ పేరు వాడుకోవడానికే 40 కోట్ల యూరోలు కట్టారు. ఆ ద్వీపం మీద పనిచేసిన కూలీల అప్పుల గురించి, యజమానుల దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టుల గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2009లోనే నివేదిక ఇచ్చింది. 2011లో వందకు పైగా కళాకారులు, అక్కడే కట్టాలనుకున్న గుగ్గెన్‌హైమ్ మ్యూజియానికి తమ బొమ్మలు ఇవ్వబోమని ప్రకటించారు. అందులో ముందున్న లెబనాన్ కళాకారుడు వలీద్ రాద్‌ను 2015లో దుబాయ్ విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. ముంబై కళాకారుడు అశోక్ సుకుమారన్‌కూ వీసా దక్కలేదు. లూవ్ర్ ప్రారంభాన్ని చూడ్డానికి వచ్చిన ఇద్దరు స్విస్ టీవీ పాత్రికేయులు, ఓ బయలు సంతలో వలస కూలీలను చిత్రిస్తుంటే పట్టుకుని రెండు రోజులకు పైగా నిర్బంధించారు. గుమ్మటాన్ని ఎంతసేపైనా చిత్రించవచ్చు. దాన్ని కట్టిన మనిషివైపు కెమెరా తిప్పితే పోలీసులొస్తారు.

అరబ్బు కవుల పరిస్థితి ఇంకా కష్టం. ఖతార్‌లో మొహమ్మద్ అల్-అజామీ అనే కవికి పద్యం చెప్పినందుకు 2012లో యావజ్జీవ శిక్ష వేశారు. తర్వాత దాన్ని 15 ఏళ్లకు తగ్గించి, 2016లో క్షమాభిక్ష పెట్టి వదిలారు. ఎమిరేట్స్‌లో అహ్మద్ మన్సూర్ కవీ, హక్కుల కార్యకర్తా. 2017లో పట్టుకెళ్లి, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష వేశారు. ఆ గడ్డమీద పుట్టినవాళ్లకే గొంతు లేనప్పుడు, అక్కడికి గిన్నెలు తోమడానికి వెళ్లిన మలికిపురం మనిషి గొంతు ఎవరు వింటారు?

ఆమె గురించే ఇప్పుడు చెప్పాలి. కువైట్, మస్కట్, దోహా, దుబాయ్ ఏదైనా సరే, ఊళ్లో దాని పేరు గల్ఫే. వీసా పేరు కద్దామా, అంటే పనిమనిషి. యజమాని పేరు కఫీల్. అతని పేరు మీదే ఆమె అక్కడ ఉంటుంది. పని నచ్చకపోతే మానుకుని మరో ఇంట్లో చేరడం ఆమె చేతిలో ఉండదు. ఇల్లు వదిలి బయటపడితే పారిపోయిందని కేసు పెడతారు. ఆపైన ఎంబసీ గుమ్మం, తిరిగొచ్చేందుకు అవుట్‌పాస్ కోసం ఎదురుచూపులు. ఖతార్ 2020లో ఈ పద్ధతిలో కొన్ని పట్లు సడలించింది. కువైట్ 2015లో, ఎమిరేట్స్ 2017లో ఇంటిపనివాళ్ల కోసం విడిగా చట్టాలు తెచ్చాయి. పత్రికలు రాసినందువల్ల, హక్కుల సంఘాలు అడిగినందువల్ల, ఖతార్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ కప్‌కు లోకమంతా వచ్చి చూస్తుందన్న వెరపువల్ల ఈ మాత్రం మార్పు వచ్చింది. కానీ మూసిన తలుపు వెనక, ఒంటరిగా, భాష రాని ఇంట్లో చట్టం అడుగుపెట్టడం ఎక్కడైనా కష్టమే.

న్యాయంగా మరో మాట కూడా రాయాలి. తిరిగొచ్చిన ఆడవాళ్లంతా ఏడుపు కథలే చెప్పరు. మంచి ఇల్లు దొరికి, పిల్లల్ని సొంతబిడ్డల్లా పెంచి, పండక్కి బంగారం పెట్టించుకుని వచ్చినవాళ్లున్నారు. ఆ డబ్బుతో కాలువగట్టు మీది తాటాకిళ్లు డాబాలయ్యాయి. కూతుళ్లు నర్సింగ్ చదివారు, కొడుకులు ఇంజనీరింగ్ చేశారు. సెంటు భూమి లేని దళిత కుటుంబాలకు, భూస్వామి గుమ్మంలో నిలబడే అవసరం తగ్గించింది ఆ జీతమే. కొబ్బరి తోట ఎవరిదో, ఆ తోటలో కూలి ఎవరిదో తెలిసినవాళ్లకు ఈ మార్పు ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి గల్ఫ్ వెళ్లొద్దనడం నా ఉద్దేశం కాదు. ఆ మాట అనే హక్కు పొలం, పుట్ర ఉన్నవాళ్లకు అసలే లేదు.

యాత్రికుల్ని వెళ్లొద్దనడమూ తేలిక పరిష్కారం కాదు. మన పక్కనే బర్మాలో ఈ వాదన జరిగింది. సైనిక పాలకులు 1996ను యాత్రా సంవత్సరంగా ప్రకటించారు. మాండలే కోట కందకాన్ని పట్టణవాసులతో, ఖైదీలతో వెట్టిచాకిరీ చేయించి పూడిక తీయించారు. రావద్దని అవుంగ్ సాన్ సూచీ విదేశీయుల్ని కోరారు. రంగం, అంటే రంగూన్, గోదావరి జిల్లాలకు కొత్త పేరేం కాదు. కోరంగి రేవు నుంచి తరాల తరబడి మన కూలీలు అక్కడి రేవుల్లో, మిల్లుల్లో పనిచేశారు. 1942లో బాంబులు పడ్డప్పుడు ఎందరో అడవుల వెంట నడిచొచ్చారు. 1962లో నె విన్ సైనికపాలన వచ్చాక మిగిలినవాళ్లలో చాలామంది కట్టుబట్టలతో ఓడ ఎక్కారు. ఇప్పుడు బగాన్ గుడుల ముందు ఫొటో దిగే తెలుగు యాత్రికుడికి ఈ కథ చెప్పే సినిమా ఏదీ దొరకదు.

మనకూ అనుభవం లేదని కాదు. అత్యవసర పరిస్థితి ఉన్న 21 నెలల్లో విదేశీ యాత్రికులు మన దేశానికి రావడం తగ్గలేదు, పెరిగింది. 1975లో 4.65 లక్షలమంది వస్తే 1977లో 6.40 లక్షలమంది వచ్చారు. ఢిల్లీని అందంగా తీర్చిదిద్దే పేరుతో 1976 ఏప్రిల్‌లో తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, ఎదురుతిరిగిన జనం మీద కాల్పులు జరిపారు. ఎం.ఎఫ్. హుస్సేన్ అంతటి చిత్రకారుడు ఇందిరను దుర్గగా గీశాడు. అదే కాలంలో విప్లవ రచయితల సంఘం కవులు జైళ్లలో ఉన్నారు. కళ రెండువైపులా నిలబడగలదని మన ఇంట్లోనే రుజువైంది.

కోనసీమలో ఒకప్పుడు తెలుగు కెమెరాలు ఎటువైపు నిలబడ్డాయో గుర్తుచేసుకోవాలి. కొత్తపేట పక్కన ఆత్రేయపురం మండలంలోని పులిదిండిలో బాపు, ముళ్లపూడి వెంకటరమణ 1967లో 'సాక్షి' తీశారు. స్టూడియో సెట్లు లేవు. ఊరే ఊరు, ఏరే ఏరు. ఒక రౌడీ చేసిన హత్యను రేవు దాటించే ఓ పిరికి కుర్రాడు చూస్తాడు, కోర్టులో చెబుతాడు. ఆ రౌడీ తిరిగి వస్తున్నాడని తెలియగానే ఊరంతా తలుపులు మూసుకుంటుంది. గోదావరి అందం తెరమీద ఎంత ఉందో, భయం అంతే ఉంది. ఆ పచ్చదనంలోనే ఒకడి పెత్తనం ఎలా నడుస్తుందో, మంచివాళ్లు దానికి ఎలా లొంగిపోతారో ఆ ఇద్దరూ కలిపి చూపించారు. బెర్లాంగా గుహలో చేసిన పనే ఇదీను.

ఆ దారిలో మనం ఎక్కువ దూరం నడవలేదు. తర్వాతి సినిమాలకు కోనసీమ పచ్చని తెరగా మిగిలిపోయింది. కొబ్బరి చెట్టు, లాంచీ, పెంకుటిల్లు, పెళ్లిపందిరి. కొబ్బరి కాయ దించేవాడి కులం, వాడి ఇల్లు ఏ గట్టున ఉందన్నది తెరమీదికి రాలేదు. దిండి రిసార్టులో పడవ ఎక్కే యాత్రికుడు చూసేది కూడా ఆ తెరనే. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరులో అంబేడ్కర్‌ను చేర్చడం మీద అమలాపురంలో ఇళ్లు తగలబడి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోతే, ఇంత అందమైన సీమలో ఇదేంటని బయటివాళ్లు నివ్వెరపోయారు. అందం మీదే చూపు నిలిపి పెరిగినవాళ్లకు ఆ ప్రశ్న రావడం సహజం. మన సినిమా సొంత ఊరిని అలా చూడ్డం అలవాటు చేసుకున్నాక, దుబాయ్‌ను మరోలా చూస్తుందని ఆశించలేం. అక్కడికీ అది యాత్రికుడిగానే వెళ్లింది. ఎత్తైన భవనాలు, ఎడారి దిబ్బలు, ఖరీదైన కార్ల మధ్య ఒక పాట తీసుకుని వచ్చేసింది. ఆ భవనాల్లో నేల తుడిచేది మన తాలూకా మనిషే అన్నది పాటలో ఇమడలేదు.

కేరళ ఈ విషయంలో మనకన్నా చాలా ముందుంది. బెన్యామిన్ 2008లో సౌదీ ఎడారిలోని వలస కూలీ మీద 'ఆడుజీవితం' నవల రాశాడు. దర్శకుడు కమల్ 2011లో ఇంటిపనికి వెళ్లిన మలయాళీ స్త్రీ మీద 'గద్దామా' సినిమా తీశాడు, కావ్యా మాధవన్ నటించింది. మనకు పి. సునీల్‌కుమార్ రెడ్డి 2017లో తీసిన 'గల్ఫ్' ఉంది. ఉత్తర తెలంగాణ నుంచి పాటలున్నాయి, కథలున్నాయి. కానీ అవి ఎక్కువగా అక్కడి మగవాళ్ల వలస గురించి. గోదావరి జిల్లాల వలసలో ఆడవాళ్లు పెద్ద భాగం. వాళ్ల అనుభవం మీద ఒక మంచి నవల, ఒక గట్టి నాటకం కూడా మనకు నిలవలేదు. కోనసీమ సాహిత్యం మండువా లోగిళ్లను, ప్రబల తీర్థాలను, గోదావరి వరదలను ప్రేమగా రాసింది. కద్దామాను ఇంకా రాయలేదు. ఆమె ఎక్కువసార్లు దళిత స్త్రీ కావడమే దానికి కారణమని నేను నమ్ముతున్నాను.

దుబాయ్‌లో షూటింగుకు అనుమతి కావాలంటే కథాసారం ముందే అధికారుల ముందు పెట్టాలి. యాత్రలను పెంచే పాట అయితే స్వాగతం. కఫీల్ ఇంటి తలుపు తెరిచే కథ అయితే అనుమతి వస్తుందని నమ్మలేం. 'ఆడుజీవితం' సినిమాగా 2024లో వచ్చినప్పుడు దానిలోని సౌదీ ఎడారిని జోర్డాన్‌లోనూ అల్జీరియాలోనూ తీశారు. జోర్డాన్‌లో చిక్కుకుని కరోనా లాక్‌డౌన్ రోజులు కూడా గడపాల్సి వచ్చింది ఆ యూనిట్‌కు.

కద్దామా కథకు ఎడారి అక్కర్లేదు. ఒక వంటగది, పక్కన మేడమెట్ల కింద పడుకునే చోటు, తాళం లోపలివైపు లేని తలుపు, రాత్రి పదకొండుకు దొరికే పది నిమిషాల ఫోను కావాలి. ఆ వంటగదిని రామోజీ ఫిల్మ్ సిటీలోనైనా, అమలాపురంలో అద్దెకు తీసుకున్న డాబాలోనైనా కట్టుకోవచ్చు. మాటలు రాయడానికి ఊహ కూడా పెద్దగా అవసరం లేదు. రాజోలు దీవిలో ఏ ఊళ్లో కూర్చున్నా అరబ్బీ ముక్కలు కలిపి మాట్లాడే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర దాచిన ఉత్తరాలున్నాయి, కేసెట్లున్నాయి, ఇప్పుడైతే ఫోన్లలో వాయిస్ మెసేజీలున్నాయి. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు చేసి వచ్చిన మొదటి తరం వాళ్లు ముసలివాళ్లవుతున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట కాలేజీల తెలుగు శాఖలు విద్యార్థుల చేత ఈ మాటల్ని రికార్డు చేయించి భద్రపరచడం ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఆ పిల్లల్లో కొందరి అమ్మలే ఈ కథలకు సొంతదారులు.